ఆయన పేరు పలికాను

గురువారం రాత్రి, మాదన్నపేట

అక్షరాలు వంకర పోతున్నాయి, తప్పులూ ఉంటాయి. చదివింది ఐదో తరగతే. మన్నించాలి.

పొద్దున ఆయనకు మణికట్టు దగ్గర నుంచి గుండె నాళంలోకి స్టెంట్ వేశారు. సాయంత్రమే ఇంటికి పంపేశారు. "రాత్రంతా కనిపెట్టి ఉంటవా?" అని నర్సు అడిగితే తల ఊపాను.

ఇందాక చూస్తే కట్టు తడిసి, దుప్పటి మీద రక్తం. ఆయన కళ్ళు తిరిగి మాట్లాడలేకపోయారు. ఒక చేత్తో మణికట్టు నొక్కి పట్టుకుని ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు ఎత్తింది.

"పేషెంట్ పేరు చెప్పమ్మా."

"మా ఇంటాయన."

"ఈడికొచ్చినోళ్లంతా ఎవరో ఒకరి ఇంటాయనలేనమ్మా! పేరు చెప్పు, జల్దీ!"

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని పెళ్ళినాడే అత్తమ్మ చెప్పింది. రెండేళ్ళలో ఒక్కసారీ పలకలేదు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతూనే ఉంది. కళ్ళు మూసుకుని ఇంటిపేరుతో సహా అరిచేశాను.

నర్సు చెప్పినట్టు ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, వదలకుండా నొక్కితే ఆగింది. "మళ్ల కారితే ఊకోకు, వెంటనే అంబులెన్స్ పిలువు" అంది.

తేరుకున్నాక ఆయన, "నా పేరు పెట్టి గట్ల లొల్లి చేసిందెవరే?" అన్నారు.

"నర్సు" అన్నాను.

ఇప్పుడు నిద్రపోతున్నారు. నేను ఊపిరి లెక్కపెడుతున్నాను. మధ్యలో ఒకటి ఆలస్యమైతే నా ప్రాణం పోతోంది. దేవుడా, ఆ పేరుకు తగ్గించేదేదో నా ఆయుష్షులో తగ్గించు.

ఈ కాగితం ఎవరికి దొరికినా కాల్చేయండి. అత్తమ్మకు తెలియనీయకండి.