హత్సుయెగారి క్షమాపణ

తప్పు మీది, నేలకు నుదురు ఆనించింది మా జెర్సీలు ఉతికే హత్సుయెగారు. కొత్త ఆటగాడి నమోదు కాగితం లీగ్‌కు పంపడం మరిచింది క్లబ్ అధ్యక్షులైన మీరే. అది మీ కారులోనే పడి ఉంది. నేను ఫొటో తీశాను. ఆ కాగితం అందకపోవడం వల్లే మనం గెలిచిన ఆటను ఓటమిగా రాశారు. మీరేమో ఆమె పోస్టు చెయ్యలేదని చెప్పి, ఆదివారం అభిమానుల ముందు ఆమెను మోకరిల్లేలా చేశారు. పైగా, "ఇంకాస్త వంగమ్మా, వెనకవాళ్లకీ కనబడాలి" అన్నారు.

బయటికొచ్చాక ఆవిడ, "పోనీలేరా, ఈ నడుముకి వంగడం కొత్తా?" అంది. కానీ ఇక మైదానానికి రానంటోంది. నేను రోజూ చేపల పేగులు తీసేవాణ్ణి. అయినా ఆ రోజు మీ పక్కన నిలబడి వచ్చాకే చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

శనివారం అదే జనం ముందు నిజం చెప్పి, ఆమె కాళ్ల దగ్గర మీరు వంగండి. ఒప్పుకుంటున్నట్టు శుక్రవారం సాయంత్రంలోగా రాసివ్వండి. లేదంటే ఫొటో లీగ్‌కు వెళ్తుంది.

మీ గోల్‌కీపర్