మరబొమ్మ గొంతు

జనవరి 11, 1982. స్టడీ హాల్

నాన్న నా బ్యాగ్ కూడా చెక్ చేస్తాడు. అందుకే ఈ డైరీ స్కూల్ లాకర్‌లోనే ఉంటుంది. ఈ అమెరికా స్కూల్లో ఎవరికీ తెలుగు రాదు. సేఫ్.

జనవరి 18, సోమవారం. లంచ్

శనివారం తెలుగు వాళ్ళందరికీ సినిమా. హైస్కూల్ ఆడిటోరియం, పులిహోర, పిల్లల గోల. దామోదర్ అంకుల్ ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. తెలుగు సినిమా కాదు. న్యూయార్క్ నుంచి తప్పు రీళ్ళ డబ్బా వచ్చిందట. హంగేరీ సినిమా, బ్లాక్ అండ్ వైట్, మా తాతయ్య కాలంది. సబ్‌టైటిల్స్ కూడా లేవు. ఇంత మంచులో డ్రైవ్ చేసి వచ్చాం, ఏదో ఒకటి చూద్దాం అన్నారు అందరూ.

ఒక సైంటిస్ట్‌కి అమ్మాయిలంటే విసుగు. ల్యాబ్‌లో మరబొమ్మ పెళ్లికూతుర్ని తయారుచేస్తాడు. మెడ వెనక బటన్ నొక్కితే అన్నిటికీ తల ఊపుతుంది. వసుమతి ఆంటీ మైక్ తీసుకుని బొమ్మకి డబ్బింగ్ మొదలుపెట్టింది. ఆవిడ డాక్టర్. అమ్మకి ఉన్న ఒకే ఒక్క ఫ్రెండ్. ముక్కుతో, ఒక్కో అక్షరం విడగొట్టి, చిత్తం ప్రభూ, కాఫీ తెమ్మంటారా అంటోంది. మా ఇంటికీ ఒకటి ఆర్డర్ చేయండి అని అరిచాడు దామోదర్ అంకుల్. మీ బటన్ ఎక్కడుందో ముందు మీ ఆవిణ్ణి అడుగుతానుండండి అంది ఆంటీ.

చివర్లో వైర్ కాలి బొమ్మ సైంటిస్ట్ మీద ప్లేట్లు విసిరింది. అమ్మ నవ్వింది. పెద్దగా, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా. అమ్మ నవ్వు అలా ఉంటుందని నాకు తెలీదు.

నాన్న తల తిప్పి చూశాడు. స్క్రీన్‌ని కాదు.

ఇంటికొచ్చాం. గరాజ్ తలుపు మూసుకున్నాక, ఏంటే అంత నవ్వు, నామీద ప్లేట్లు పడినట్టుందా అన్నాడు. నన్ను పైకి పొమ్మన్నాడు. వెళ్ళాను.

టీవీ సౌండ్ పెంచాడు.

జనవరి 19

అమ్మ ఐస్ మీద జారిందట. ఫోన్‌లో అందరికీ అదే చెప్తోంది.

జనవరి 20

హాస్పిటల్ వద్దన్నాడు. అమ్మ ఎడమ చేతి వేళ్ళు నీలంగా ఉన్నాయి. ఆంటీకి చెప్తానన్నాను. కుడి చేత్తో నా నోరు మూసింది. వద్దమ్మా, నిన్ను కూడా కొడతాడు అంది.

జనవరి 22

నిన్న సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. నేను తీశాను. బెడ్‌రూమ్‌లో రెండో ఫోన్ క్లిక్‌మంది. నాన్న ఊపిరి వినబడుతోంది. అమ్మ ఎలా ఉందే, రెండ్రోజులుగా ఫోన్ ఎత్తదేం అంది ఆంటీ.

ముక్కుతో, ఒక్కో అక్షరం విడగొట్టి, అమ్మ చాలా బాగుంది ఆంటీ అన్నాను.

ఆంటీ నవ్వింది. సగంలో ఆగిపోయింది. సరేనమ్మా అని పెట్టేసింది.

ఏంటా వెకిలి గొంతు అన్నాడు నాన్న. సినిమా జోక్ అన్నాను. నవ్వాడు. అది ఇంకా భయం.

కాసేపటికి డోర్‌బెల్. ఆంటీ, వెనక వాళ్ళాయన నరసింహ అంకుల్. ఆంటీ అమ్మ వేళ్ళు మాత్రమే చూసింది. బూట్లు వేసుకో రాధా అంది. ఇది మా ఇంటి విషయం అన్నాడు నాన్న. విరిగిన చెయ్యి నా విషయం అంది ఆంటీ.

అమ్మ కదల్లేదు. ఎవరో బటన్ నొక్కాలన్నట్టు నిలబడిపోయింది. నేను బూట్లు తెచ్చి ముందు పెట్టాను.

వేసుకుంది.

జనవరి 31. ఆంటీ వాళ్ళ ఇల్లు

ఇవాళ టీవీ చూస్తూ అమ్మ నవ్వింది.

వెంటనే ఇద్దరం తలుపు వైపు చూశాం.