శుక్రవారం పొగ

సల్వా, కువైట్
ఆదివారం

చిరంజీవి తమ్ముడు హరికి,

అక్క రమణమ్మ దీవించి రాస్తున్నది. నా ఒంట్లో ఇప్పుడు బాగానే ఉంది. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, జేజికి దగ్గు తగ్గిందా, కంటి ఆపరేషన్ అయ్యాక చిన్నాయనకు చూపు తేటపడిందా, నా బిడ్డ చిన్ని ఏడవకుండా బడికి పోతోందా, ఇవన్నీ నువ్వు నీ కళ్ళతో చూసి నాకు చెప్పాలి. అమ్మను అడిగితే అందరూ బాగున్నారనే అంటుంది. ఆమెకు వేరే మాట రాదు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోన్లో నేను రెండు మాటలు చెప్పేలోపల నువ్వు "సరేలేక్కా" అంటావు. ఆ మాట అన్నావంటే వినడం మానేశావని అర్థం. చంకనెత్తుకొని తిప్పినదాన్ని, నాకు తెలియదా? అందుకే నాగమ్మక్క సెలవు మీద వస్తుంటే ఆమె చేతికి ఇది ఇస్తున్నాను. తిరుపతిలో దిగి నీ హాస్టల్ దగ్గరే ఇచ్చి పోతానంది. కాగితాన్ని మధ్యలో కట్ చేయలేవు కదా. పూర్తిగా చదువు.

పోయిన బుధవారం నువ్వు చాలా సంతోషంగా ఫోన్ చేశావు. యూనివర్సిటీల పోటీకి ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఎంపికయ్యానన్నావు. నా కడుపు నిండిపోయింది. తర్వాత, అక్కడ మూత్రం పట్టి టెస్టు చేస్తారని నువ్వే చెప్పావు. నేను అడగకుండానే ఇంకో మాట కూడా చెప్పావు.

"ఏం భయంల్యాక్కా. గంజాయైతే టెస్టులో పట్టేస్తారు. ఇది వేరే. ఆకు మాదిరే ఉంటాది, దానికి మందు కొట్టింటారు. టెస్టులో దొరకదంట. మా రూములో అందరూ తాగుతాండారు. పోటీ ముందర నిద్ర పట్టదు చూడు, దానికి."

"నీ దగ్గర ఉందా?" అన్నాను.

"ఒగ ప్యాకెట్టు ఇంటికాడ బ్యాగులో పడుంటాదిలే. సరేలేక్కా, ప్రాక్టీసుకు టైమైంది" అని పెట్టేశావు.

టెస్టులో దొరకదనే ఆ మాటే, అదే ధీమాతో, ఇంతకుముందు ఒకసారి విన్నాను. ఆ సంగతి మీకెవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ వెంటనే వచ్చేయమంటుందని దాచాను. ఇప్పుడు నీకు చెప్పక తప్పదు.

ఇక్కడ ఎండలు తగ్గాయి. పొద్దున లేచి వంటింటి తలుపు తీస్తే గాలి చల్లగా తగులుతోంది, దుమ్ము మాత్రం ఎప్పటిలాగే. నా పనీ ఎప్పటిలాగే. బట్టలు, గిన్నెలు, మెట్లు కడగడం, మధ్యాహ్నం మామాకు, అదే ఈ ఇంటి యజమానురాలికి, కూరగాయలు తరిగివ్వడం. వీళ్ళ అన్నం అలవాటైపోయింది కానీ, రాగి సంగటి మీదికి మనసు పోయినప్పుడు ఏదీ రుచించదు. వంటింటి వెనక గట్టు మీద కూర్చుంటాను. అప్పుడు మీరందరూ గుర్తొస్తారు. ఏడవనులే. ఏడ్చినా ఎవరికీ కనపడదు.

నా పనుల్లో నాకు ఇష్టమైనది శుక్రవారం పని. ఆ రోజు నమాజుకు పోయే ముందు ఈ ఇంటి మగవాళ్ళు తలస్నానం చేసి పాదాల దాకా ఉండే తెల్లటి చొక్కాలు, దిష్‌దాషాలు వేసుకుంటారు. ఆ బట్టలకు, గదులకు బుఖూర్ పొగ పట్టాలి. బుఖూర్ అంటే మన సాంబ్రాణి లాంటిదే, సుగంధం పట్టించిన చెక్క ముక్కలు, పొడి. ఇత్తడి ధూపపాత్రలో నిప్పులు వేసి, మీద ఇది చల్లి, గదిగదికీ తిప్పుతాను. వచ్చిన కొత్తలో మామా నేర్పబోతే నవ్వొచ్చింది. అమ్మ చేసే శుక్రవారం ధూపమే కదా, నాకు ఒకరు నేర్పాలా?

మామా చిన్నకూతురు నూరా నా కొంగు పట్టుకొని తిరిగేది. కొంగు ఎక్కడిదిలే, ఇక్కడ నేను వేసుకునేది గౌను. దాని జుట్టు ఒత్తు. శుక్రవారం తల పోశాక, అమ్మ మన చిన్నికి చేసినట్టే, బట్టల గంప బోర్లించి, కింద ధూపం పెట్టి, జుట్టు గంప మీద పరిచి ఆరబెట్టేదాన్ని. మామాకు ఆ పద్ధతి తెగ నచ్చింది. నూరా కళ్ళు మూసుకొని "రమణా, ఇంకా, ఇంకా" అనేది. దాని తల నిమురుతుంటే చిన్ని తల నిమిరినట్టే ఉండేది. అది నా స్వార్థం అనుకో.

ఫహద్ సంగతి నీకు తెలిసిందే. మామా పెద్దకొడుకు. నేను వచ్చినప్పుడు నా నడుము దాకా ఉన్నవాడు, ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతూ నీలాగే ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తుతాడు. నా ఫోన్లో మీరిద్దరూ ఇంగ్లీషులో టైమింగులు చెప్పుకొని పందాలు వేసుకుంటుంటే, ఏమీ అర్థం కాక మీ నవ్వులు చూస్తూ కూర్చునేదాన్ని. నువ్వు వేసుకునే ముళ్ళ షూస్ వాడివే. "హరీకి సరిపోతాయి, పంపు" అని వాడే తుడిచి ఇచ్చాడు.

వాళ్ళ జట్టులో ఒక పిల్లవాడు గంజాయి లాంటిదే, హషీష్ తాగి టెస్టులో దొరికాడు. వాణ్ణి తీసేశారు. అప్పటినుంచి చెప్పకుండా వచ్చి టెస్టులు చేస్తారని మామా ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ రోజుల్లోనే ఫహద్ నా దగ్గరికి వచ్చి, "రమణా, నా గదిలో బుఖూర్ ఎక్కువ వెయ్యి, రోజూ వెయ్యి" అన్నాడు. నేను పొంగిపోయాను. ఈ కాలం పిల్లవాడికి పెద్దల అలవాటు వచ్చిందని మామాతో గొప్పగా చెప్పాను. ఏ వాసన కప్పడానికి అడిగాడో నాకేం తెలుసు?

టెస్టు జరిగింది. ఫహద్‌కు ఏమీ లేదని వచ్చింది. ఆ రోజు మామా ఇరుగుపొరుగుకు మిఠాయి పంచింది. నేనే ప్లేట్లు మోసుకెళ్ళాను.

ఆ తర్వాతి శుక్రవారం చూస్తే బుఖూర్ డబ్బా అడుగంటింది. నూరాకు తల పోసి, గంప బోర్లించి, నిప్పులు సిద్ధం చేశాను. ఫహద్ ఆటల బ్యాగులోంచి మాసిన బట్టలు తీస్తుంటే ఒక మెరిసే ప్యాకెట్ కనపడింది. ఇంగ్లీషు నాకు రాదు. కానీ దాని మీద ధూపపాత్ర బొమ్మ ఉంది, పైకి పొగ లేస్తున్నట్టు. విప్పితే ఎండిన ఆకు పొడి, పూల వాసన. రోజూ వెయ్యమని అడిగినవాడే తెచ్చిపెట్టాడు కాబోలు, చెప్పడం మరిచిపోయాడు అనుకున్నాను. హరీ, నా స్థానంలో అమ్మ ఉన్నా అదే అనుకుంటుంది.

గుప్పెడు తీసి నిప్పుల మీద వేశాను. ఫహద్ దిష్‌దాషాకు పొగ పట్టించి, ధూపం గంప కింద పెట్టి, నూరా జుట్టు పరిచాను. నేను వంగి చిక్కు తీస్తున్నాను. కాసేపటికి గుండె ఎవరో లోపలి నుంచి గుద్దుతున్నట్టు కొట్టుకుంది. నాలుక ఎండిపోయింది. గోడలు దగ్గరికి వస్తున్నాయి. నా చేతులు నావిలాగా లేవు. నూరా వాంతి చేసుకొని నా ఒళ్ళోకి ఒరిగింది. పిలిస్తే పలకలేదు. అరవాలనుకున్నాను, గొంతు రాలేదు. గంపను కాలితో తన్నాను. ఆ చప్పుడుకు మామా వచ్చింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళింది డ్రైవరు సత్తిబాబు, కోనసీమ మనిషి. కారులో నాకు గుర్తున్నది ఆయన గొంతు ఒక్కటే. "రమణమ్మ గారండీ, కళ్ళు మూసేయకండి. పాపకి ఊపిరాడతందండి, నేను చూసేనండి. అదిగోనండి, వచ్చేసేం, వచ్చేసేం." వచ్చేశామని ఎన్నిసార్లు అన్నాడో. ఆయన పిల్లలు చల్లగా ఉండాలి.

నాకు తెలివొచ్చేసరికి మామా నా మంచం పక్కన ఉంది. చేతిలో ఆ ప్యాకెట్. "ఇదేమిటి రమణా? మీ ఊరి నుంచి ఎవరైనా తెచ్చిచ్చారా?" అంది. ఎప్పుడూ నన్ను ఆ గొంతుతో అడగలేదు. వెనక బాబా, ఫహద్ వాళ్ళ నాన్న, నిలబడి ఉన్నాడు, పోలీసులు వస్తున్నారన్నాడు. ఇక్కడ ఈ మాటంటే ఏమిటో నీకు తెలియదు. ఎవరో ఇచ్చిన పార్సిల్ సంచిలో పెట్టుకొని వచ్చి, దాంట్లో గంజాయి దొరికి, జైల్లో మగ్గుతున్న మన వైపు ఆడవాళ్ళ సంగతులు మేమంతా చెప్పుకుంటూనే ఉంటాం. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు, నా పని, నా బతుకు, అంతా ఖలాస్ అనుకున్నాను. చిన్నిని మళ్ళీ చూస్తానా అనిపించింది.

బ్యాగులో దొరికిందని చెప్పడానికి నోరు తెరిచాను. ఎవరి బ్యాగులో అని చెప్పాలి? పనిమనిషి మాటా, కన్నకొడుకు మాటా?

ఫహద్ గోడకు ఆనుకొని ఉన్నాడు. నేను పొగ పట్టించిన దిష్‌దాషాలోనే ఉన్నాడు. నన్ను చూడలేదు, చెల్లెలి మంచంకేసి చూస్తున్నాడు. దానికి ముక్కులో గొట్టం పెట్టారు. వాడు మాట్లాడకపోతే నేను జైలుకు పోతాను, అంతే. నేను వాడి నోటికేసే చూస్తూ పడుకున్నాను.

"యుమ్మా," అన్నాడు చివరికి. ఇక్కడ అమ్మను అలా పిలుస్తారు. "రమణాకు ఏమీ తెలియదు. అది నాది."

బాబా నమ్మలేదు. "టెస్టులో నీకు ఏమీ లేదన్నారు కదా!" అని అరిచాడు.

"టెస్టులో ఇది దొరకదు. అందుకే ఇది తెచ్చుకున్నాను," అన్నాడు ఫహద్. ధూపమని చెప్పి అమ్మడానికే ఆ బొమ్మ వేస్తారని కూడా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు.

డాక్టర్ నాకూ నూరాకూ చేసిన టెస్టుల్లో కూడా ఏమీ కనపడలేదు. ఈ మందును ఎప్పటికప్పుడు మార్చి తయారు చేస్తారంట, మామూలు టెస్టుకు అందదంట. ఒక్కో ప్యాకెట్లో ఎంత మందు ఉందో అమ్మేవాడికే తెలియదంట. హరీ, ఇది ఇంకోసారి చదువు. కాగితం మీద పిల్లకు ఏమీ లేదు. మంచం మీద పిల్ల కళ్ళు తెరవలేదు.

మరునాడు మధ్యాహ్నానికి తెరిచింది. దేవుడు చల్లగా చూశాడు. పోలీసులు నన్ను అడిగినవి అడిగి వదిలేశారు. ఫహద్ తనే కోచ్ దగ్గరికి పోయి చెప్పుకున్నాడు. జట్టులో లేడు. చికిత్సకు తీసుకెళ్తున్నారు, కేసు ఏమవుతుందో ఇంకా తెలియదు. పొద్దున ప్రాక్టీసుకు లేచే వేళకు లేచి, మెట్ల మీద ఊరికే కూర్చుంటాడు. ఒకప్పుడు నాకు కోపం. ఇప్పుడు టీ ఇచ్చి పక్కన నిలబడతాను. నిన్న, "హరీ టైమింగ్ ఎంత ఇప్పుడు?" అని అడిగాడు. నువ్వు బుధవారం చెప్పింది వాడికి ఎలా చెప్పను? తెలియదన్నాను.

మామా నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు అడిగిన మాటకు మాత్రం నా ముఖం చూడలేకపోతోంది. బుఖూర్ మళ్ళీ నేనే వేస్తున్నాను. నూరా మాత్రం ఇప్పుడు దగ్గరికి రాదు. వాకిట్లో ముక్కు మూసుకొని నిలబడి, "రమణా, అదేంటి?" అని అడుగుతుంది. దాని జుట్టు ఎండలో ఆరుతోంది.

ఇక నీ సంగతి. నీకు పోటీ భయం ఉందని ఒప్పుకుంటాను. నిద్ర పట్టకపోతే నాకు ఫోన్ చెయ్యి, నాకు పని ఉన్నా ఎత్తుతాను. కోచ్‌కు చెప్పు. పరుగు పోతే పోనీ, నీ మెడలో పతకం లేకపోయినా నువ్వు నా తమ్ముడివే. ఇవన్నీ నెమ్మదిగా మాట్లాడుకుందాం. అంతకన్నా ముందు చేయాల్సింది ఒకటుంది.

మాసిన బట్టల బ్యాగు ఇంట్లో వదిలి వచ్చావు. ఆ బ్యాగు విప్పేది ఎవరు? అమ్మ. శుక్రవారం చిన్నికి తల పోసి, గంప బోర్లించి, నిప్పుల మీద ధూపం వేసేది ఎవరు? అమ్మ. నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే. నీ ప్యాకెట్ మీద ఏ బొమ్మ ఉందో నాకు తెలియదు, నీకు తెలుసు.

బుధవారం నువ్వు పెట్టేసిన వెంటనే అమ్మకు చేశాను.

"మా, హరిగాడి బ్యాగు ముట్టుకోవాకు."

"ఏమ్మే? బట్టలు నానబెట్టాలని నీళ్ళు గూడా కాగబెట్టినానే."

"ముట్టుకోవాకు. చిన్నిని గూడా దగ్గరికి పోనీవాకు. వాడొచ్చి తీస్తాడు."

"ఏముందే దాంట్లో?"

"వాడే చెప్తాడుమా."

అమ్మ ఇంకేమీ అడగలేదు. అడగకపోతే ఆమెకు ఎంత భయమో నీకు తెలుసు. బ్యాగును చిన్నికి అందకుండా అటక మీద పెట్టిందంట. ఉత్తరం అందిన రోజే ఇంటికి పో. ప్యాకెట్ తీసి నువ్వే పారెయ్యి. ఊరికే పారేసి రావొద్దు, అదేమిటో అమ్మకు నీ నోటితో చెప్పు. ఫహద్ వాళ్ళమ్మకు చెప్పేసరికి పిల్ల ఆసుపత్రి మంచం మీద ఉంది. మన చిన్ని ఇంకా వీధిలో ఆడుకుంటోంది. నువ్వు ఇప్పుడే చెప్పొచ్చు.

నాగమ్మక్క తిరిగి వచ్చేటప్పుడు నాకు ఏమీ పంపొద్దు, చింతకాయ తొక్కు కూడా వద్దు. వేరే ఎవరు ఏ ప్యాకెట్ ఇచ్చినా ఆమెను తీసుకోనీయకు. చిన్నికి గాజులు, జేజికి నొప్పుల నూనె ఆమె దగ్గర ఉన్నాయి.

జేజికి, చిన్నాయనకు, అమ్మకు నా దండాలు. వాళ్ళ దీవెన ఉండబట్టే ఆ రోజు బయటపడ్డాను. నీకూ చిన్నికీ నా దీవెనలు. వేళకు తిను.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
రమణమ్మ

తా.క.: ఈ శుక్రవారం చిన్ని తల ఎండలోనే ఆరబెట్టమని అమ్మకు చెప్పాను. నువ్వు వచ్చి చెప్పేదాకా ఇంట్లో ధూపం వెయ్యదు.