చెక్కలు కొట్టిన ఇంట్లో ఊపిరి

కామినోసావా,
డిసెంబరు నెల

చలికాలం కూలికి టోక్యో వెళ్ళి మట్టి తవ్వుతున్న మా ఆయనకి,

మిత్సుయో రాయునది. నేను బాగానే ఉన్నాను. ఇల్లూ బాగానే ఉంది. ఇంటికప్పు మీద మంచు నేనే ఎక్కి తోసేశాను, జారి కింద పడలేదు. పడతానని అందరితో చెప్పుకు తిరిగిన పక్కింటి తత్సు పిన్ని మొహం మాడిపోయింది. కాబట్టి ఆ దిగులు పెట్టుకోకండి.

ఇక్కడ మంచు కిటికీల సగం దాకా వచ్చింది. లోపల కూర్చుంటే ఆ సంగతి తెలియదనుకోండి, మీరు కింది కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టి వెళ్ళారు కదా. మంచు బరువుకి అద్దాలు పగలకుండా ఊళ్ళో అందరూ కొట్టుకునేవే, కాదనను. కానీ మరీ ఇంత పనితనమా? చీమ దూరే సందు లేదు. పట్టపగలు దీపం వేసుకుని సోయా గింజలు ఏరుకుంటున్నాను. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, మీ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయినా ఈ చీకటి మాత్రం నాకు అలవాటు కాలేదు.

అసలు సంగతి అత్తయ్య గురించి. చలికాలం వస్తే ఆవిడ మాట తగ్గిపోవడం ఏటా ఉన్నదే అని మీరంటారు. నిజమే. ఈ ఏడు మాటతో పాటు తిండీ తగ్గింది. పొద్దున లేచి కింద కుంపటి ఉన్న కొతాత్సు బల్ల దుప్పటిలోకి నడుము దాకా దూరి కూర్చుంటుంది, పడుకునే వేళకి లేస్తుంది. మిసో చారు పెడితే గిన్నె రెండు చేతులతో పట్టుకుని వెచ్చబెట్టుకుంటుందే కానీ తాగదు. నడుముకి కట్టుకున్న తాడు మొన్న ఇంకో చుట్టు ఎక్కువ తిరిగింది.

అందుకే ఒక పని చేశాను. ఊరి సమావేశ మందిరం మేడ మీద సుగావరా నర్సమ్మ యోగా నేర్పుతోంది. సెందాయి పట్నంలో ఆస్పత్రి ఉద్యోగం చేసినప్పుడు ఎవరో భారతదేశం ఆయన దగ్గర నేర్చుకుందట. ఎండ మొహం చూడని ఈ నెలల్లో మన వైపు వాళ్ళ మనసులు బరువెక్కిపోతాయనీ, ఊపిరినీ కూర్చునే పద్ధతినీ సరిచేసుకుంటే తేలికపడతాయనీ ఇంటింటికీ తిరిగి చెప్పింది. అత్తయ్యని అడిగాను.

"ఊపిరి పీల్చడానికి బడికి పోవాలటే? డెబ్బై ఏళ్ళనుంచీ ఎవరూ చెప్పకుండానే పీలుస్తున్నా. నువ్వెళ్ళి నేర్చుకో. నీకింకా సరిగ్గా వచ్చినట్టు లేదు."

మంచు పడ్డాక ఆవిడ నాతో అన్న అతిపెద్ద మాట అది. నా సంతోషం చెప్పనలవి కాదు. ఆ ఊపులోనే అన్నాను: "క్లాసు అయ్యాక టీ ఉంటుందట అత్తయ్యా. ఎవరింట్లో పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ వాళ్ళు తీసుకెళ్ళాలట. తత్సు పిన్ని తనదే ఊళ్ళోకెల్లా గొప్పదని చెప్పుకుంటోంది."

"దాని మొహం. దానికి పొగబెట్టడం ఎప్పుడు చేతనయింది కనక?"

అంతే, బయల్దేరింది. నేను తెలివైనదాన్నని మీరెప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడైనా ఒప్పుకోండి.

మొదటిరోజు నర్సమ్మ చెప్పింది ఒక్కటే. పీల్చే ఊపిరి కంటే వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. చలికి భుజాలు పైకెత్తుకుని పైపైన పీల్చడం అలవాటైపోయింది మనకి, భుజాలు దించి పొట్టలోంచి వదలండి అంది. తర్వాత తుమ్మెద నాదం. పెదాలు మూసి, చెవులు మూసుకుని 'మ్మ్' అంటూ ఊపిరంతా వదలాలి. ముసలమ్మలందరూ పెళ్ళికాని పిల్లల్లా కిసకిస నవ్వారు. తత్సు పిన్ని ధ్యానంలో గురక పెట్టింది. అత్తయ్య నవ్వలేదు, నాదం చేయలేదు. మేడ మీద కిటికీలకి చెక్కలుండవు కదా, అద్దంలోంచి వచ్చే వెలుతురు కేసి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి అరగిన్నె చారు తాగింది.

ఒంట్లో జాగ్రత్త. చేతులకి నూనె రాసుకోండి.

మీ
మిత్సుయో


కామినోసావా,
జనవరి నెల

మా ఆయనకి,

మీ కొత్త సంవత్సరం కార్డు అందింది. "బాగున్నాను, పని ఎక్కువగా ఉంది" అని రాశారు. ఆ రెండు ముక్కలూ అత్తయ్యకి నాలుగుసార్లు చదివి వినిపించాను, పొడుగు చేద్దామన్నా కావు.

క్లాసులో ఏం జరిగిందో చెప్పాలి. మొదట నవ్వండి, తర్వాత సంగతి తర్వాత.

ఈ నెలలో నర్సమ్మ ఊపిరి కాస్సేపు లోపల పట్టి ఉంచడం మొదలుపెట్టింది. "హాయిగా ఉన్నంతసేపే పట్టండి. వదిలేయాలనిపించగానే వదిలేయండి. పోటీ కాదిది" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పాపం, పట్నంలో చదువుకున్న మనిషి, మనవాళ్ళ సంగతి మర్చిపోయింది. మన ఊళ్ళో పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవరైనా తీసుకుంటారా? ఉమ్మడి స్నానాల వేడినీళ్ళ తొట్టిలోంచి ఎవరైనా ముందు లేస్తారా? నలుగురితో పాటు మొదలుపెట్టిన పని ముందుగా మానేస్తే పక్కవాళ్ళని తక్కువ చేసినట్టు. ఒక్కరు వదిలితే ఒట్టు. బుగ్గలు ఉబ్బుతున్నాయి, మొహాలు కందుతున్నాయి, ఓరకళ్ళతో పక్కవాళ్ళని చూసుకుంటున్నారు తప్ప వదలరు. నేనూ వదల్లేదు, తత్సు పిన్ని కంటే ముందు వదులుతానా? నర్సమ్మ కంగారుపడి "వదలండి! వదలండమ్మా, దణ్ణం పెడతాను!" అని చేతులూపింది. అప్పుడు అందరం ఒక్కసారి బుస్సుమన్నాం.

అత్తయ్య వదల్లేదు.

కళ్ళు గట్టిగా మూసుకుంది, మొహం నీలం తిరుగుతోంది. నేను భుజం పట్టుకుని కుదిపాను. అప్పుడు వదిలింది. ఊపిరితో పాటు ఏడుపు వచ్చింది. ఏడుపంటే ఏదో కళ్ళు తుడుచుకునేది కాదు. నేలమీద రెండు చేతులూ ఆన్చి, ఊళ్ళో ఎవరూ ఎవరిముందూ ఏడవని ఏడుపు ఏడ్చింది. గది అంతా బిగుసుకుపోయింది. ఎటు చూడాలో తెలియక అందరూ చాపల కేసి చూస్తున్నారు. నర్సమ్మ మెల్లగా అంది, "అందరూ తుమ్మెద నాదం చేద్దాం." అందరూ చెవులు మూసుకుని మొదలుపెట్టారు. ఇంతమంది ఆడవాళ్ళు ఒక్క గొంతుతో 'మ్మ్' అంటుంటే అత్తయ్య ఏడుపు ఎవరికీ వినపడలేదు. ఆవిడ తనివితీరా ఏడ్చేదాకా ఒక్కరూ ఆపలేదు. నేను కూడా నాదం చేస్తూ ఏడ్చాను, అది రాయడానికి నాకు సిగ్గు లేదు.

ఇంటికొచ్చాక ఆవిడే చెప్పింది, మీ నాన్నగారి సంగతి. ఆయన చలికాలం పనికి వెళ్ళి తిరిగి రాలేదని మీరు నాతో ఒక్క ముక్కలో అని ఊరుకున్నారు. మిగతాది ఇప్పుడు విన్నాను. చెక్కలు కొట్టిన చెయ్యే చెక్కలు తీయాలని మీ ఇంటి పట్టింపట కదా. ఆయన వచ్చి తీస్తారని అత్తయ్య వసంతమంతా చూసింది. నాట్లు పడ్డాయి, వరి వెన్ను తీసింది, ఊళ్ళో అందరిళ్ళూ తెరుచుకున్నాయి, మన ఇల్లు మాత్రం నడి ఎండాకాలంలో చీకటిగా ఉండిపోయింది. తీస్తే ఆయన ఇక రారని ఒప్పుకున్నట్టే కదా. చివరికి అప్పటికి పిల్లాడిగా ఉన్న మీరే ఎవరికీ చెప్పకుండా పీకి పడేశారట.

"అందరూ ఎలా ఉన్నావని అడిగేవాళ్ళే. బాగున్నాననే చెప్పాను. ఇవాళ్టిదాకా అదే చెప్తున్నా" అంది.

మర్నాడు నర్సమ్మ ఇంటికొచ్చి చూసి, పొద్దున్నే తూర్పు వెలుతురుకి ఎదురుగా కూర్చుని ఊపిరి వదలడం సాధన చేయాలంది. తూర్పు కిటికీ చెక్కలు నాలుగు తీసేద్దామన్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని "వాడొచ్చేదాకా ముట్టుకోకు" అంది. అంత గట్టిగా పట్టుకుంటుందని అనుకోలేదు.

ఇప్పుడు మీ వంతు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నాతో ఏమన్నారో గుర్తుందా? "ఈసారి నాట్లకి రాలేకపోవచ్చు. ఏడాది పొడుగునా పని ఇస్తామంటున్నారు. అమ్మకి చెప్పకు." నేను నోరు తెరిచేలోపు తలుపు మూసుకుంది. నేను జవాబు చెప్పే వీలు లేకుండా, కావాలనే ఆ క్షణం ఎంచుకున్నారు. నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. ఎందుకంటే మీరు "రాను" అనలేదు, "రాలేకపోవచ్చు" అన్నారు. ఆ మాట మీద మనిషి ఎన్నేళ్ళయినా కూర్చోగలడు. అత్తయ్యని చూస్తుంటే నాకు నా ముసలితనం కనిపిస్తోంది.

నేను మాత్రం అలా కూర్చునే రకాన్ని కాను. వస్తారా, రారా, రాయండి. నెలాఖరులోపు జవాబు రాకపోతే అత్తయ్యకి నేనే చెప్పేస్తాను. తర్వాత నన్ను అనకండి.

మీ
మిత్సుయో


కామినోసావా,
ఫిబ్రవరి నెల

తైజో గారికి,

జవాబు రాలేదు. చెప్పేశాను.

చెప్పేముందు నేను కూడా కొతాత్సు పక్కన వెన్ను నిలబెట్టి కూర్చుని, పొడుగ్గా ఊపిరి వదిలి, గుండె దడ తగ్గేదాకా ఆగాను. నర్సమ్మ విద్య ఇలాంటి వాటికి కూడా పనికొస్తుంది. అప్పుడన్నాను, "అత్తయ్యా, ఆయన నాట్లకి రాకపోవచ్చట. ఏడాదంతా అక్కడే పని చేస్తారేమో. వెళ్ళేటప్పుడే నాతో అన్నారు. నేనే దాచాను."

ఆవిడ కూలిపోతుందనుకున్నాను. పట్టుకోవడానికి వీలుగా దగ్గరగా కూడా జరిగాను. ఆవిడ భుజాలు దించింది. పొట్టలోంచి ఊపిరి వదిలింది, ఎంత పొడుగ్గానో, దీపం కింద పొగలా అలా కనిపిస్తూ పోయింది. మళ్ళీ పీల్చి మళ్ళీ వదిలింది. తర్వాత అడిగింది:

"మేకులు పీకే కడ్డీ ఎక్కడుందే?"

"ఇప్పుడా? బయట మంచు తుఫానులా ఉంది!"

"నాకేం కళ్ళు లేవా? కడ్డీ తే. ఉలి కూడా తే."

నేను పారతో తూర్పు గోడ పక్క మంచులో గొయ్యి తవ్వాను, ఆవిడ అందులో నిలబడి చెక్కల పని పట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. మేకుల తలల చుట్టూ ఉలితో చెక్కి, కడ్డీ దూర్చి, ఒక్కొక్కటే పీకింది. తత్సు పిన్ని తన గుమ్మంలోంచి గావుకేక పెట్టింది: "కియో! మీవాడు రాకుండానే తీసేస్తున్నావేంటే? అపశకునం!"

"నీ ఊరగాయ కంటేనా?" అని అత్తయ్య అంతకంటే గట్టిగా అరిచింది. తత్సు పిన్ని తలుపేసుకుంది. తర్వాత వేడి టీ తెచ్చి మాకు గోతిలోకి అందించింది, అది వేరే సంగతి.

మంచు తవ్వి గోడలా పేర్చాను, అద్దానికేం కాదు. ఇప్పుడు రోజూ పొద్దున ఇద్దరం ఆ కిటికీ ముందు కూర్చుంటున్నాం. ఎండ ఉన్న రోజు మంచు మీంచి కొట్టే వెలుగుకి కళ్ళు చెదురుతాయి, లేని రోజు బూడిదరంగు ఆకాశమే, అయినా కూర్చుంటున్నాం. ఆవిడ తుమ్మెద నాదం నాకంటే పొడుగ్గా వస్తుంది, ఆ మాట నాకు రోజూ గుర్తుచేస్తుంది. చారు తాగుతోంది, రెండో గిన్నె అడుగుతోంది. నడుము తాడు వదులు చేసింది.

నా నిర్ణయం కూడా రాసేస్తున్నాను. నాట్లు నేను, అత్తయ్య, తత్సు పిన్ని కలిసి వేస్తాం. మీకోసం ఎదురుచూడనని కాదు. మీరంటే నాకు ఇష్టం, లేకపోతే ఇన్ని పేజీలు రాస్తానా? కానీ చీకట్లో కూర్చుని ఎదురుచూడను.

అత్తయ్య తనే ఒక ఉత్తరం రాస్తానంది. చూపించమంటే కసిరింది. విడిగా కవరులో పెట్టి దీనితో పంపుతున్నాను.

మిత్సుయో


ఒరేయ్ తైజో,

అమ్మని. నా రాత బాగోదు, కూడబలుక్కుని చదువుకో.

నీ పెళ్ళాం నాకేదో కొత్త సంగతి చెప్పాననుకుంటోంది. నువ్వు చెక్కలు కొడుతున్న రోజే నాకు తెలుసు. వసంతానికి తిరిగొచ్చే మగాడు మేకుని సగందాకే కొడతాడు, తీసేటప్పుడు కడ్డీకి అందాలని. నువ్వు తల చెక్కలోకి దిగిపోయేదాకా కొట్టావు. లోపల కూర్చుని ఆ చప్పుడు విన్నాను. ఆఖరి దెబ్బకి చప్పుడు మారుతుంది. మీ నాన్న వెళ్ళిన ఏడు కూడా అలాగే మారింది. ఆరోజూ నేను ఏమీ అడగలేదు.

ఈ చలికాలం నాకు అన్నం ఎందుకు దిగలేదో ఇప్పుడు తెలిసిందా? మిత్సుయోకి తెలియదు కదా అని నేను దాచాను, నాకు తెలియదు కదా అని అది దాచింది. ఒకే కొతాత్సులో కాళ్ళు పెట్టుకుని ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. పిచ్చి మొహాలం.

నేను మీ నాన్నని అడగలేదు. నిన్ను అడుగుతున్నాను. వస్తావా, రావా? రానంటే ఏడుస్తాను, నాలుగు రోజులు ఏడ్చి నాట్లకి లేస్తాను, ఏం పరవాలేదు. ఏదో ఒకటి చెప్పు. చెప్పకుండా మాత్రం పోకు.

తూర్పు కిటికీ చెక్కలు తీసేశాను, మంచు కరిగాక మిగతావీ నేనే తీస్తాను, నువ్వొచ్చి తీయాల్సిన పనేం లేదు. వస్తే మమ్మల్ని చూడ్డానికి రా.

మీ అమ్మ
కియో