సోంపు పళ్లెంలో వంద రూపాయలు

రూతక్కా, నా వంద రూపాయలు నాతోపాటు ఇక్కడ సర్వరుగా చేసే మన శశికుమార్ కాజేశాడు. నేను బాగానే ఉన్నాను, కంగారు పడొద్దు.

నిన్న మా హోటల్ ఏసీ రూముకు పెళ్లివాళ్లు పన్నెండు మంది వచ్చారు. ఆ రూము చూసే శశి తనొక్కడి వల్ల కాక హాల్లో ఉన్న నన్ను పిలిచాడు. ఉరుకులు పరుగులతో వడ్డించింది నేను, సోంపు పళ్లెంలో వాళ్లు పెట్టిన వంద పోయింది వాడి జేబులోకి.

"సగం నాకియ్యప్పా" అన్నాను.

"ఏసీ రూము నాది. నీకు హాలుండాది గదా, ఆడ అడుక్కో పో" అన్నాడు.

టిప్పులతో కొన్న వాడి తెల్లబూట్లు చూసి మూడు నెలలుగా రగిలిపోతున్నానేమో, చొక్కా పట్టేశాను. వాడు ఏడ్చేశాడు. "నాకు జీతమే లేదప్పా. టిప్పులు వస్తాండాయి గదా, ఇంక జీతమేటికని ఓనరు నిలిపేసినాడు. ఇంట్లో చెప్పొద్దు."

అది విన్నాక కూడా, అక్కా, ఆ రూము నాకిస్తే బాగుండునని అనిపించింది. ఎంత సిగ్గేసిందో! ఈ కుళ్లును అడ్డం పెట్టుకునే ఓనరు జయచంద్ర మా కష్టం దోచుకుంటున్నాడు.

గొర్రె ఈనిందా? అమ్మ మాత్రలు మానేయకుండా చూడు. నా ట్రంకుపెట్టెలో కనీస వేతనాల కరపత్రం ఉంది, అది తీసుకురా. ఇంట్లో చెప్పడానికి శశిని ఒప్పించాను, వాళ్లమ్మ రామక్కకు ఈ సంగతి నువ్వే చెప్పు. మమ్మల్ని పనిలో చేర్చినప్పుడు జీతానికి నాది పూచీ అని ఓనరు మాటిచ్చింది మీ ఇద్దరికే కదా. అమ్మకు ఈ ఇమ్మానియేలు దండాలు.

ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి హోటల్లో జనం ఉండరు. ఇద్దరూ కుందుర్పి బస్సెక్కి ఆ వేళకు వచ్చేయండి. శశితో సహా మేం సర్వర్లందరం జీతం అడగడానికి ఓనరు గల్లాపెట్టె ముందు నిలబడి ఉంటాం.