పెన్సిల్‌తో వేసిన ఏడులు

జులై 4, సాయంత్రం 5.20

ఈ నోట్‌బుక్‌కి కెమిస్ట్రీ రికార్డ్ అట్ట వేశాను. ఇంక ఎవరూ తెరవరు.

ఈరోజు నాన్న సోఫాలోంచి ఛార్జర్ ఎక్కడుందని అరిచాడు. పక్కనే ఉంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి చేతికిచ్చింది. పదమూడో తారీఖు ఆదివారం అత్తయ్యావాళ్లు వస్తున్నారన్నాడు. సరే అంది. ఏంటి అలా ఉన్నావ్ అన్నాడు. సరే అంది.

దానికి సరే జవాబు కాదు. నాన్నకి తేడా తెలీలేదు. నాకు భయమేసింది.

జులై 6

అమ్మది కళ్లద్దాల షాపులో ఉద్యోగం. ఐ టెస్ట్ చేస్తుంది. లెన్స్ మార్చి మార్చి, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని రోజంతా అడుగుతుంది. ఇంట్లో కూడా జోక్‌గా అడిగేది, నా రిబ్బన్లకి, నాన్న చొక్కాలకి. ఎప్పుడు మానేసిందో గుర్తులేదు.

జులై 9, మధ్యాహ్నం

హాఫ్ డే. ఇంట్లో ఎవరూ లేరు. నా పాత కళ్లద్దాల కోసం అమ్మ అలమర వెతికితే ఒక డబ్బా దొరికింది. లోపల అద్దాల్లేవు. ఎనిమిది మడతల కాగితం ఉంది. కింద మ్యారేజ్ కౌన్సెలర్ స్టాంప్. శుక్రవారం తీసుకురండి అని రాసుంది.

ప్రతి ప్రశ్నకీ ఒకటి నుంచి ఏడు దాకా నంబర్ వెయ్యాలి. ఒకటంటే అస్సలు లేదు. ఏడంటే ఎప్పుడూ అంతే. అమ్మ పెన్సిల్‌తో వేసింది.

ఈ పెళ్లిలో అలసిపోయినట్టుందా? ఏడు.

మీ మాట ఎవరూ వినట్లేదనిపిస్తుందా? ఏడు.

భర్త ఇంటికొచ్చే టైముకి గుండె బరువుగా ఉంటుందా? ఆరు. ముందు ఏడు వేసి చెరిపేసింది. పాపం అనుకుందేమో.

అన్నీ వదిలేసి వెళ్లిపోవాలనిపిస్తుందా? ఏడు.

నాన్న కొట్టడు. తాగడు. నా కొడుకు బంగారం అని నాయనమ్మ ఫోన్లో ఊరంతా చెప్తుంది. బంగారమైతే ఇన్ని ఏడులెందుకు?

జులై 10

అమ్మ వెళ్లిపోతే నన్ను ఒకర్ని ఎంచుకోమంటారు. ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా.

జులై 11, శుక్రవారం, ఉదయం 6.10

చేసేశాను. అమ్మ స్నానానికెళ్లినప్పుడు. జామెట్రీ బాక్స్‌లోని రబ్బరుతో అన్నీ చెరిపి రెండ్లు వేశాను. ఒకటి వేస్తే నమ్మరు. అమ్మ రెండు పొట్టిగా ఉంటుంది, నా రెండుకి తోక పొడుగు. జాగ్రత్తగా పొట్టిగానే వేశాను. చివరి ప్రశ్న దగ్గర ఏడు గుర్తు పోయేదాకా రుద్దాను.

అమ్మ డబ్బా తెరవకుండానే బ్యాగులో వేసుకుంది.

సాయంత్రం 7.00

అమ్మ హాల్లో కూర్చుని పిన్నికి ఫోన్ చేసింది. కౌన్సెలర్ కాగితం చూసి నవ్విందట. మీకేం లేదమ్మా, ఇది మామూలు అలసటే, కాస్త వాకింగ్ చెయ్యండి అందట. పిన్ని గొంతు బయటికే వినిపించింది. నేను ముందే చెప్పలేదా అక్కా, బావ దేవుడు, నీకే లేనిపోని ఆలోచనలు అని.

నేనే తప్పు వేసుంటాను, ఏది ఎక్కువో ఏది తక్కువో కూడా తెలీట్లేదే ఈమధ్య, అంది అమ్మ. నా వైపు చూడలేదు.

నేను గెలిచాను కదా. మరి అన్నం ఎందుకు దిగట్లేదు?

జులై 13, ఆదివారం

అత్తయ్యావాళ్లు వచ్చారు. అమ్మ పన్నెండుమందికి వండి వడ్డించి, అందరికంటే గట్టిగా నవ్వింది. వదిన భలే హుషారుగా ఉందే అంది అత్తయ్య. మా ఇంట్లో ఏ లోటూ లేదుగా అన్నాడు నాన్న. సింక్ దగ్గర అమ్మ కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. మళ్లీ కడిగింది.

ఆ ఏడులు నేను చెరపకపోతే ఆ కౌన్సెలర్ అయినా వినేది. ఒక్క మనిషైనా.

జులై 16

చెప్పే ధైర్యం లేదు. చీటీ రాశాను. మార్చింది నేనే, సారీ అమ్మా, నీ ఏడులు నువ్వు వేసుకో అని. డబ్బాలో పెట్టాను.

జులై 19

డబ్బాలో నా చీటీ లేదు. కొత్త కాగితం ఉంది, అదే స్టాంప్, అవే ప్రశ్నలు. ఈసారి పెన్నుతో వేసింది.

అన్నీ రెండ్లే. తోకలు పొడుగ్గా, అచ్చం నావిలాగే.