ఇంజనుకు పెట్టిన బొట్టు

ఖురియాత్ నుంచి

పెద్దన్న మల్లయ్యకు తమ్ముడు లచ్చయ్య దండాలు పెట్టి రాసేది. నువ్వు, వదిన, మీ మరదలు, నా బిడ్డ అందరూ బాగున్నారా? వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా ఒంటికేమీ కాలేదు, రెండు పూటలా తింటున్నాను, రంది పెట్టుకోకండి. ఎండ కొంచెం తగ్గింది. కూర అంటే రోజూ చేపే. కానీ అన్నా, కోపం మీద రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

మా కంపెనీ మమ్మల్ని పాత తోట బంగ్లా ఒకటి మరమ్మతు చేయడానికి పంపింది. మస్కట్ నుంచి ఈ ఖురియాత్‌కు మట్టి రోడ్డు మీద సగం రోజు ప్రయాణం. ఎండాకాలం రాగానే మస్కట్ వాళ్లు ఖర్జూర తోటలకు వచ్చి ఉంటారు. ఈ తోట, బావి నీళ్లు తోడే ఇంజనును సొంతంగా కనిపెట్టిన ఒక పెద్దమనిషిది. ఈ తీరంలో ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. ఆయన పోయాడు. ఇప్పుడు బంగ్లాను జనం వచ్చి చూసేలా తయారు చేస్తున్నారు. ఆయన మొదటి ఇంజను ఇంకా షెడ్డులోనే ఉంది.

దసరా నాడు మాకు సెలవు లేదు. నాతోపాటు వచ్చిన మన ఊరి రాజం, నేను తాపీలు, పారలు కడిగి వరుసగా పెట్టాము. బుద్ధి నాకే పుట్టింది. "ఇంత పెద్ద పనిముట్టు ముంగట ఉండంగ మన తాపీలకే బొట్టు పెడ్తే ఏం బాగుంటదిరా, దానికి గూడ పెట్టు" అన్నాను. రాజం ఇంజనును నూనె గుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోశాడు.

మర్నాడు సూపర్వైజర్ చూశాడు. "యే క్యా గంద్‌గీ హై? కిస్నే కియా?" అని అరిచాడు. కుంకుమ వాడికి గంద్‌గీ, గలీజు అట అన్నా. రాజం వేళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి, అతన్నే పట్టుకున్నాడు. శుక్రవారం దాటగానే విమానం ఎక్కిస్తారట. పెట్టమన్నది నేను. ఆ మాట చెప్పకుండా తాపీ పట్టుకుని పనిలోకి పోయాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

రూముకు వచ్చాక రాజం, "నీకు బిడ్డ ఉన్నది, నాకెవలున్నరు? ఊకో" అన్నాడు.

ఇంకా విను. ఇంజను వెనక గోడకు మనిషెత్తు మసి పట్టి ఉంటే, నిన్న సూపర్వైజర్ దాన్ని నాతోనే గీకించి సున్నం వేయించాడు. పొద్దున తోటమాలి సాలిం వచ్చి ఆ గోడ చూసి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ ముసలాయన పెద్దమనిషి దగ్గరే పనిచేసినవాడు. వచ్చీరాని హిందీలో చెప్పాడు. ప్రతి ఎండాకాలం ఇంజను తిప్పేముందు పెద్దమనిషి తన చేత్తోనే దాని చుట్టూ లుబాన్ పొగ వేసేవాడట. మన సాంబ్రాణి లాంటిదే. ఆ పొగ వేయకుండా ఇంజనును ముట్టేవాడు కాదట. ఆ మసి ఆ పొగదే.

మా కుంకుమ ఒక్క గుడ్డ తుడుపుకు పోయింది. నేను గీకింది మళ్లీ రాదు. దానికి సూపర్వైజర్ నా భుజం తట్టి, పని బాగా చేశావన్నాడు. ఆ భుజం ఇంకా మండుతోంది.

రేపు డ్యూటీకి పోను, ఆఫీసుకు పోతాను. బొట్టు పెట్టమన్నది నేనే అని చెప్తాను. సాలింకు జరిగిందంతా చెప్తే, తానూ తోడు వస్తానన్నాడు. రాజంను ఆపుతారో, ఇద్దరినీ పంపుతారో తెలియదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఏదో ఒకటి తేలిపోతుంది. తిడితే తిట్టు, పడతాను. మీ మరదలికి మాత్రం ఇప్పుడే చెప్పకు.

చిన్నాయనకు, చిన్నమ్మకు నా దండాలు. బిడ్డను నా మారుగా ఒకసారి ఎత్తుకో. అటక మీద గోనెసంచిలో నా పాత తాపీ ఉంది. తుప్పు వదిలించి, నూనె రాసి, బొట్టు పెట్టి ఉంచు.

నీ దీవెన కోరే తమ్ముడు
లచ్చయ్య